వెలిగొండలు దిగుతూ

మొదటి రోజు

తెల్లవారుజామున నాలుగున్నరకి రాములవారి గుడి మైకులో తిరుప్పావై మొదలైంది. ధనుర్మాసంలో ఏ ఊళ్లో బండి ఆపుకున్నా అలారం పెట్టుకోవాల్సిన పని ఉండదు. రాత్రి చిట్వేలు శివార్లలో ఒక రైసుమిల్లు ఆవరణలో పడుకున్నాం. నిన్న సాయంత్రం మిల్లు ఓనరు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు, నన్ను నాలుగు ప్రశ్నలు అడిగాడు. ముందు సీట్లో మా నాయన కనపడగానే, "పెద్దాయన ఉండాడు గదమ్మా, లోపల పెట్టుకోండి" అని గేటు తీయించాడు. ఈ రెండు నెలల్లో మాకు ఇలా చాలా గేట్లు తీశారు. ఎక్కువసార్లు నాయన ముఖం చూసే తీశారు.

మాది పాత స్కూలు వ్యాను. సీట్లు పీకించి రెండు మంచాలు, ఒక సింకు, గ్యాసు పొయ్యి పెట్టించి, పైన సోలార్ ప్యానెళ్లు బిగించి, కాగితాలన్నీ సరిచేయించుకున్నాకే రోడ్డెక్కాం. అమ్మ పోయాక నెల్లూరులో ఇల్లు అద్దెకిచ్చాం. ఆ ఇంట్లో నాయన ఉండలేకపోయాడు. ఏ గదిలోకి వెళ్లినా ఏదో మర్చిపోయినట్టు నిలబడిపోయేవాడు. నా ఉద్యోగం ల్యాప్‌టాప్ మీదే కాబట్టి, సిగ్నల్ ఉన్నచోట పని చేసుకుంటాను, లేనిచోట సెలవు పెడతాను. నాయన ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరుగా చేశాడు. అందులో ఎక్కువ కాలం ఉదయగిరి, రాపూరు రూట్లలోనే తిరిగాడు. కంటి ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ వదిలేశాడు. ఇప్పుడు నేను నడుపుతాను, ఆయన వింటాడు. వినడం అంటే చెవితో కాదు. ఏళ్ల తరబడి ఇంజను పక్కనే కూర్చుని ఎడమ చెవి దాదాపు పోయింది. చెప్పులు విప్పేసి, పాదాలు రెండూ నేలకి ఆనించి కూర్చుంటాడు. ఏ గేరులో ఉన్నామో, ఇంజను ఎక్కడ ఇబ్బంది పడుతోందో ఆయనకి అరికాళ్లతోనే తెలిసిపోతుంది.

ఇవాళ చిట్వేలు నుంచి ఘాటు దాటి రాపూరులో దిగాలి. బయల్దేరే ముందు నాయన అడిగాడు.

"ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయి పాపా?"

"నిండా ఉన్నాయి నాయనా. రాత్రే పట్టాను, 80 లీటర్లు."

"ఒంపెయ్. ఘాటు దిగేదానికి అంత బరువెందుకు? 80 లీటర్లంటే ఇంకో మనిషిని ఎక్కించుకున్నట్టే గదా."

పారబోయడానికి మనసొప్పక మిల్లు వెనకున్న బొప్పాయి చెట్లకి పట్టించాను. తాగేదానికి, పొయ్యి దగ్గరికి ఇరవై లీటర్లు మిగుల్చుకున్నాం. వ్యానులో ఉంటే నీటి విలువ తెలుస్తుందని అందరూ అంటారు. నీటి బరువు సంగతి మాత్రం నాకు నాయనే చెప్పాడు.

చిట్వేలు దాటగానే కొండలు దగ్గరికొచ్చేశాయి. నెల్లూరు, కడప సీమల మధ్య ఉత్తర దక్షిణాలుగా గోడ కట్టినట్టు ఉంటాయి ఈ వెలిగొండలు. తూర్పున సముద్రం వైపు మైదానం, పడమరన కడప. ఈశాన్య రుతుపవనం కురిసి వెళ్లిన నెల కాబట్టి అడవి ఇంకా పచ్చగానే ఉంది. రోడ్డు పక్కన ఎర్రచందనం చెట్లు. ఈ చెట్టుని మొదటిసారి చూసేవాళ్లకి ఏ ప్రత్యేకతా కనపడదు. నల్లటి బెరడు మొసలి చర్మంలాగా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. లోపలున్న ఎరుపు బయటికి తెలియదు. ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. వెలిగొండలు, శేషాచలం, పాలకొండలు, లంకమల. అందుకే చెక్‌పోస్టులో ఫారెస్టు వాళ్లు బండి ఆపి మంచాల కింద కూడా టార్చిలైటు వేసి చూశారు. నేను కొంచెం టెన్షన్ పడ్డాను గానీ, నాయన మాత్రం ఫ్లాస్కులో టీ వాళ్లకి పోసిచ్చి, "బాగా చూడండయ్యా. ఈ చెట్టు పోతే మళ్లీ ఎవురు తెస్తారు?" అన్నాడు. ఆయన అన్నది నిజం. నరికినవాడికి గంట పని. చెట్టు చేవ తేలడానికి ఒక మనిషి జీవితం సగం అయిపోతుంది.

ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. సెకండ్ గేరులో, వంపు దగ్గర హారన్ కొట్టుకుంటూ నింపాదిగా ఎక్కాం. కోతులు గట్టు మీద వరసగా కూర్చుని ఉన్నాయి. వాటికి ఏమీ వేయకూడదని మా నియమం. తిండికి అలవాటు పడి రోడ్డు మీదికొచ్చి బళ్ల కింద పడుతున్నాయి. పైన విశాలంగా ఉన్నచోట ఆపి ఉప్మా చేసుకున్నాం. నాయన పళ్లెం పట్టుకుని కింద నేలని చూపించాడు.

"ఇప్పుడు ఈ కొండల కింద రైలు పోతుండాది తెలుసా?"

నిజమే. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా వేసిన రైలు మార్గం ఈ వెలిగొండలనే తొలుచుకుని వెళ్తుంది. చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య సొరంగం పొడవు 6.6 కిలోమీటర్లు. 2019లో తెరిచారు. ఓబులవారిపల్లె పక్కన మంగంపేటలో ముగ్గురాయి గనులున్నాయి. ముగ్గురాయి అంటే బెరైటీస్ ఖనిజం, ప్రపంచంలోనే దాని పెద్ద నిల్వల్లో అదొకటి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం ఆ పొడి కలుపుతారు. ఇదివరకు రైల్లో కృష్ణపట్నం రేవుకి సరుకు వెళ్లాలంటే రేణిగుంట, గూడూరు మీదుగా చుట్టు తిరగాలి. ఇప్పుడు కొండ కిందనుంచి నేరుగా వెళ్లిపోతుంది. పైన మేం గంటన్నరలో ఎక్కి దిగే కొండని కింద రైలు కొద్ది నిమిషాల్లో దాటేస్తుంది.

దిగుడు మొదలైంది. తప్పు ఇక్కడ నాది. ఎక్కినంతసేపూ సెకండ్ గేరులో ఉన్నదాన్ని, దిగేటప్పుడు థర్డ్ వేశాను. వెనకాల ఒక బండి వాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు. దారివ్వడానికి పక్కన జాగా లేదు. అందుకని స్పీడు పెంచి, ప్రతి వంపు ముందూ బ్రేకు తొక్కుతూ వచ్చాను.

"ఎక్కిన గేర్లోనే దిగాల పాపా" అన్నాడు నాయన ఒకసారి.

"వెనక వాడు ఆగడం లేదు నాయనా."

"వాడి కోసం నువ్వెందుకు దిగేది?"

నేను వినలేదు. ఐదారు వంపులు తిరిగాక ఒక వాసన మొదలైంది. కాలిన రబ్బరు వాసన కాదు. ఇస్త్రీపెట్టె కింద బట్ట మాడితే వస్తుందే, దానికి దగ్గరగా ఉంది. ఆ వెంటనే పెడల్ మెత్తబడింది. అంతకుముందు సగంలో ఆగే పెడల్ నా కాలి కింద ఇంకా లోపలికి వెళ్లిపోయింది. బండి తగ్గాల్సినంత తగ్గలేదు. ఒళ్లంతా చెమట పట్టింది.

నాయన గొంతు పెంచలేదు. "కాలు తీసెయ్. బ్రేకు తొక్కబాక. క్లచ్ కొట్టి సెకండ్‌లో వెయ్. ఇంజను అరుస్తుంది, అరవనీ."

వేశాను. ఇంజను ఒక్కసారిగా గట్టిగా మూలిగింది. ఎవరో వెనకనుంచి పట్టుకుని లాగినట్టు బండి వేగం తగ్గింది. "ఇప్పుడు చేతి బ్రేకు కొంచెం కొంచెంగా లాగు. ఒక్కసారే లాగబాక." ముందు వంపు దాటాక కొండవైపు వెడల్పుగా మట్టి జాగా ఉంది. అక్కడికి చేర్చి ఫస్ట్ గేరులో ఉంచి ఇంజను ఆపాను. నాయన నాకంటే ముందు దిగి రెండు రాళ్లు తెచ్చి ముందు చక్రాల కింద పెట్టాడు. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి అంత వేగంగా కదలడం నేను చాలాకాలంగా చూడలేదు.

అరచేతిని చక్రానికి జానెడు దూరంలో పెట్టి వేడి చూశాడు. నేను బాటిల్‌తో నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకున్నాడు. కాలిన డ్రమ్ము మీద చన్నీళ్లు పడితే పగులుతుందట. ముప్పావుగంట అలాగే కూర్చున్నాం. నిమ్మకాయల లోడు వేసుకుని కొండెక్కుతున్న ఒక మినీ లారీ డ్రైవరు ఆపి, "ఏమైందక్కా?" అని దిగొచ్చాడు. సంగతి విని, తన బండిలోంచి చక్రాలకి అడ్డం పెట్టే చెక్కముక్క ఇచ్చాడు. తిరిగివ్వడమెలా అంటే, "రాపూరులో ఏ నిమ్మకాయల మండీలో ఇచ్చినా నాకు చేరుతుంది" అని వెళ్లిపోయాడు.

ఆ ముప్పావుగంటలో నాయన చెప్పింది నాకు జీవితాంతం పనికొస్తుంది. బ్రేకు బండిని ఆపడానికి, గేరు బండిని దింపడానికి. దిగుడంతా బ్రేకు మీదే ఉంటే లైనింగ్ కాగుతుంది, ఆ వేడికి పైపుల్లో ఉన్న బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. నువ్వు తొక్కేది ఆ బుడగలనే గానీ ఆయిల్‌ని కాదు. అందుకే పెడల్ మెత్తబడుతుంది. డీజిల్ మిగులుతుందని కొండ మీద న్యూట్రల్ కొట్టేవాళ్లు, ఇంజను ఆపేసి దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంజను ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకి ఉండే సాయం కూడా పోతుంది. అలా దిగి లోయలో పడిన లారీని తన సర్వీసులో కళ్లారా చూశానని చెప్పి, కాసేపు మాట్లాడలేదు.

సెకండ్ గేరులో, గంటకి ఇరవై కిలోమీటర్లు దాటకుండా రాపూరు చేరాం. మెకానిక్ కుర్రాడు డబ్బా మూత తీసి నాకు చూపించాడు. బ్రేక్ ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. "ఇది మార్చి రెండేళ్లయినా అయ్యుంటది మేడమ్. పాతదైతే గాల్లో తేమంతా పీల్చుకుంటది, తొందరగా మరుగుతది." మూడు వారాల కిందట వేరే ఊళ్లో ఒక షెడ్డులో సర్వీసింగ్ చేయించాను. బిల్లులో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు రాసి డబ్బులు కూడా తీసుకున్నారు. ఆ బిల్లు ఇప్పటికీ నా దగ్గరుంది. గేరు తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఒక ముసలాయన, ఒక ఆడమనిషి కొండల్లోకి పోతున్నామని చెప్పి మరీ చేయించుకున్న పని అది. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. అప్పటినుంచి పని చేసేంతసేపూ పక్కనే నిలబడుతున్నాను. మీరూ నిలబడండి.

చెక్కముక్క మండీలో ఇచ్చేసి, చీకటిపడే వేళకి పెంచలకోన చేరాం. కొండ పాదంలో పెనుశిల లక్ష్మీనరసింహస్వామి గుడి. రెండు శిలలు పెనవేసుకున్న రూపంలో స్వామి వెలిశాడని, చెంచులక్ష్మిని పెళ్లాడింది ఇక్కడేనని చెబుతారు. నెల్లూరు జిల్లాలో పుట్టినవాళ్లకి ఈ పేరు ఇంట్లో పేరే. నా బడిలో ఒక్క తరగతిలోనే నలుగురు పెంచలయ్యలు ఉండేవాళ్లు. హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరుతో సహా పిలవాల్సి వచ్చేది. గుళ్లో నాయన చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అమ్మతో ప్రతి ఏడూ వచ్చేవాడు. నేను ఏమీ అడగలేదు.

రెండో రోజు

కలువాయి మీదుగా సోమశిల. దారి పొడుగునా నిమ్మతోటలే. తోటల్లో రాలిన కాయల వాసన కిటికీలోంచి లోపలికొచ్చి సాయంత్రం దాకా దుప్పట్లని వదల్లేదు. సోమశిల దగ్గర పెన్న కొండల సందులోంచి బయటపడుతుంది. 78 టీఎంసీల జలాశయం, ఈసారి నిండుగా ఉంది. ఇక్కడి నీళ్లు కండలేరుకి, అక్కణ్నుంచి కాలువలో చెన్నై దాకా పోతాయి. 2021 నవంబరు వరదల్లో పెన్న ఎలా విరుచుకుపడిందో తెలిసినవాళ్లకి ఈ నిశ్శబ్దమైన నీళ్లని చూస్తే నమ్మబుద్ధి కాదు. పదిహేను నిమిషాలే ఆగాం. ఆత్మకూరులో కూరగాయలు కొనుక్కుని, మర్రిపాడు దాటి మధ్యాహ్నానికి ఉదయగిరి చేరాం.

ఉదయగిరి కొండ ఎత్తు మూడు వేల అడుగుల పైనే. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాదికి పైగా వేచి ఉండి 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్లి హంపిలో గుడి కట్టించాడు. కిందనుంచి ఆ నిటారు రాతిగోడని చూస్తే అంతకాలం ఎందుకు పట్టిందో చెప్పక్కర్లేదు. నాయన మోకాళ్లకి ఎక్కడం కుదరదు. "నైట్ హాల్టు బస్సు పెట్టుకుని పొద్దున్నే ఈ కొండని చూస్తా పళ్లు తోముకునేవాణ్ని" అన్నాడు. ఆయనకి అది చాలనిపించింది. నాకూ చాలింది.

నేను ఉదయగిరికి వచ్చింది చెక్క చెంచాల కోసం. భౌగోళిక గుర్తింపు దక్కిన పని ఇది, ఇక్కడ ఇళ్లలోనే చేస్తారు. ఒక ఇంటి వరండాలో కూర్చున్న ఆవిడని అడిగితే, పని ఆపకుండానే పక్కన చాప చూపించింది. నర్ది అనే చెట్టు కర్ర ముక్క ఒకటి తీసుకుని బాడిసతో నాలుగు దెబ్బలు వేసేసరికి చెంచా ఆకారం వచ్చేసింది. ఆ తర్వాతే అసలు పని. కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య కాడని బిగించి, చిన్న ఉలితో గుంట తీస్తుంది. ఉలి ముందుకి పోదు, ఆమె మణికట్టే గుండ్రంగా తిరుగుతుంది. ప్రతి తిప్పుకీ ఉల్లిపొరంత పలచని చెక్క లేచి చుట్టుకుని కింద పడుతుంది. ఎక్కడ ఆపాలో కంటితో చూసుకోదు. గుంట వెనకవైపు బొటనవేలు ఆనించి మందం తెలుసుకుంటుంది. ఆ తర్వాత ఆకురాయి, ఆఖర్న గరుకు కాగితం. రంగు లేదు, వార్నిష్ లేదు.

"ఒకటి చేసేదానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

"చేతిలో పని ఉంటే తెల్దు. కర్ర దొరికేదే కష్టంగా ఉండాది."

నాయన ఆమె బొటనవేలినే చూస్తున్నాడు. బండిలోకి వచ్చాక, "ఆమె కూడా చూడదు చూడు, పట్టుకునే తెలుసుకుంటది" అన్నాడు. ఆరు చెంచాలు, ఒక గరిటె కొన్నాం. బేరం ఆడలేదు. అంతసేపు పని చూశాక బేరం ఆడటానికి నోరు రాదు.

మూడో రోజు

సీతారాంపురం వైపు రోడ్డు మళ్లీ కొండల్లోకి వెళ్తుంది. పొద్దున ఊళ్ల గుండా వెళ్తుంటే వాకిళ్ల నిండా ముగ్గులు, మధ్యలో గొబ్బెమ్మలు. ముగ్గు తొక్కకుండా బండి పక్కకి తీస్తుంటే ఒకావిడ చెయ్యెత్తి నవ్వింది. ఉదయగిరి నుంచి ఇక్కడిదాకా నాయన ఒక్క మాట కూడా అనలేదు. పాదాలు మాత్రం నేల మీదే ఉన్నాయి. చిన్న దిగుడు వచ్చినా నేను సెకండ్‌కి మార్చుకుంటున్నాను. వెనకనుంచి హారన్ వినపడితే జాగా చూసి పక్కకి తీసి, వాణ్ని పోనిచ్చి, మళ్లీ కదులుతున్నాను.

అంబవరం, కొత్తపల్లి దాటితే భైరవకోన. పాత ప్రకాశం జిల్లా, చంద్రశేఖరపురం మండలం. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు. ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా ఉంటాయి. ద్వారపాలకులు, స్తంభాలు, గర్భగుడి అన్నీ ఆ కొండలోంచే వచ్చాయి. కట్టిన గుడిలో తప్పు జరిగితే రాయి మార్చుకోవచ్చు. తొలిచిన గుడిలో ఒక దెబ్బ ఎక్కువైతే ఇక దిద్దుబాటు లేదు. నిన్నటి చెంచా కళ్లముందే ఉండటం వల్లనేమో, నేను స్తంభాల కంటే గుహ లోపలి మూలలనే ఎక్కువసేపు చూశాను. ఉలి గాట్లు ఇంకా తెలుస్తున్నాయి.

పక్కనే పైనుంచి దూకే జలపాతం. వానలు పడిన ఏడాది కాబట్టి మంచి ధార ఉంది. కానీ గుండం అంచున షాంపూ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. ఒక సంచి నిండా ఏరి బండిలో వేసుకున్నాను. మా గిన్నెలు కడిగిన నీళ్లు కూడా వాగులో పోయం. డబ్బాలో పట్టుకుని, దూరంగా మట్టిలో గుంట తీసి పోస్తాం. కోనలో మనం స్నానం చేసే నీళ్లే కింది ఊరివాళ్లు వాడుకుంటారు. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

సత్రం వాళ్లని అడిగితే పక్కన ఉన్న చదునైన జాగాలో బండి పెట్టుకోమన్నారు. రాత్రికి పప్పన్నం వాళ్లే పెట్టారు. మేం వంకాయ కూర చేసి పంపాం. నర్ది గరిటెకి అదే మొదటి కూర.

భోజనాలయ్యాక నాయన వాగు ఒడ్డున రాతి మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టుకున్నాడు. డిసెంబరు చలిలో అవి జివ్వుమని ఉంటాయి. తీయమంటే తీయలేదు.

"రేపు ఏ దారి?" అన్నాడు.

"సి.ఎస్.పురం, పామూరు మీదుగా కనిగిరి నాయనా."

"ఇక మైదానమే గదా." కాసేపు ఆలోచించాడు. "అయితే నీళ్లు నిండా పట్టుకో."

సత్రం కొళాయికి పైపు తగిలించి ట్యాంకు మూత తీశాను. 80 లీటర్లు నిండటానికి చాలాసేపు పట్టింది. అది నిండేదాకా ఆయన అక్కడే కూర్చున్నాడు.